విదేశాల్లో పోగైన చిల్లరను నోట్లుగా ఎట్లా మార్చుకుంటున్నారు? మనోళ్లు చెప్పండి

కావలి కుర్రోడు, డల్లాస్:
అందరికీ నమస్కారం. నెలాఖరుకు రూమ్ ఖాళీ చేసి వేరే ఊరికి మారుతున్నాం. రూమ్మేట్లందరం పడేస్తూ వచ్చిన చిల్లర పెద్ద డబ్బా నిండుగా ఉంది. క్వార్టర్లు (25 సెంట్లు), డైములు (10), నికెల్స్ (5), పెన్నీలు (1) అన్నీ కలిసిపోయాయి. బ్యాంకులో అడిగితే విడి చిల్లర తీసుకోం అనేశారు. సూపర్‌మార్కెట్‌లో ఉండే మిషన్‌లో పోస్తే కమిషన్ బాగా కోస్తుందంటున్నారు. డబ్బు పోకుండా ఏం చేయాలి? వేరే దేశాల్లో ఉండేవాళ్లు కూడా రాయండి.

దర్శి అన్న, న్యూజెర్సీ:
తమ్ముడూ, విడిగా పోస్తే వద్దంటారు గానీ, ఒకే రకం నాణేలు కాగితంలో రోల్స్‌గా చుట్టి తీసుకెళ్తే చాలా బ్యాంకులు తీసుకుంటాయి. చుట్టే కాగితాలు బ్యాంకులో అడిగితే ఇస్తారు. క్వార్టర్లు 40 పెడితే 10 డాలర్లు. డైములు 50కి 5 డాలర్లు. నికెల్స్ 40కి 2 డాలర్లు. పెన్నీలు 50 పెట్టినా అర డాలరే. అందరూ కూర్చుంటే ఒక సాయంత్రం పని. ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లు, ముందుగా ఫోన్ చేసి అడుగు. క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులదే అయిన సహకార బ్యాంకు లాంటిది) ఎవరికైనా ఖాతా ఉంటే ఇంకా సుఖం. కొన్నింటిలో లెక్కపెట్టే మిషన్ ఉంటుంది, సభ్యుల దగ్గర డబ్బులు తీసుకోరు.

నువ్వు చెప్పిన సూపర్‌మార్కెట్ మిషన్, అదే కాయిన్‌స్టార్‌లో నగదు కావాలంటే చాలా చోట్ల వందకు 12 డాలర్లకు పైగా పోతాయి. మన డబ్బు మనం తీసుకోవడానికి అంత ఇవ్వడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. అదే మిషన్‌లో గిఫ్ట్ కార్డు ఎంచుకుంటే మామూలుగా కమిషన్ ఉండదు. ఎట్లాగూ ఆన్‌లైన్‌లో కొనేవాడికి అది నోటు కిందే లెక్క.

ఒక్కటి మాత్రం విను. కొత్త అపార్ట్‌మెంట్‌లో లాండ్రీ మిషన్లు నాణేలతో నడిచేవైతే క్వార్టర్లు మార్చొద్దు, అక్కడ వాటి కోసమే వెతుక్కుంటావు.

నెల్లూరు మాస్టారు:
మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా జేబులో మిగిలిన నాణేలు ఇంట్లో వదిలేసి పోతాడు. అట్లా డబ్బా నిండింది. మా ఊళ్లో ట్రంకు రోడ్డు వైపు విదేశీ డబ్బు మార్చేవాళ్ల దగ్గర విచారించాను, చెన్నైలో కూడా అడిగించాను. డాలర్ నోటు చూపిస్తే వెంటనే మారుస్తామంటారు, నాణెం మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఇంట్లో ఉంచుకోవడానికి ఇబ్బందేం లేదు, విదేశీ నాణేలు ఎన్నైనా దగ్గర పెట్టుకోవచ్చని మన నిబంధనలే చెబుతున్నాయి. కానీ ఉంచుకుంటే ఏం లాభం?

ఆఖరికి దారి మా వీధిలోనే దొరికింది. ఏటా ఆగస్టులో ఇక్కడి నుంచి చదువుకు పోయే పిల్లలు ఉంటారు కదా. ఎదురింటి అమ్మాయి వెళ్తుంటే క్వార్టర్లు, డైములు ఏరి ఇచ్చాను. వాళ్ల నాన్నగారు ఆ రోజు రేటుకు లెక్కగట్టి రూపాయలు ఇచ్చారు. దిగిన వారంలోనే బట్టలు ఉతుక్కోవడానికి, బస్సుకు పనికొచ్చాయని ఆ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఇళ్లలో ఇట్లాంటి డబ్బాలు ఉన్న తల్లిదండ్రులు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. వెళ్లే పిల్లల్ని కనుక్కుని ఇవ్వండి.

దర్శి అన్న, న్యూజెర్సీ:
బాగా చెప్పారు మాస్టారూ. ఇక్కడి నుంచి మోసుకురావడం కూడా దండగే. 100 డాలర్ల క్వార్టర్లు రెండుంపావు కిలోలకు పైగా తూగుతాయి. పెన్నీలైతే 10 డాలర్లకే రెండున్నర కిలోలు.

ఒంగోలు సిస్టర్, మాంచెస్టర్:
నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని. యూకేలో రోల్స్ కాదు, ప్లాస్టిక్ సంచులు. బ్యాంకులో ఇస్తారు. 1, 2 పెన్నీల నాణేలైతే సంచికి 1 పౌండు, 5, 10 పెన్నీలవి 5 పౌండ్లు, 20, 50 పెన్నీలవి 10 పౌండ్లు, పౌండు నాణేలు 20 పౌండ్లు. ఒక సంచిలో ఒకే రకం ఉండాలి, కలిపితే వెనక్కి ఇస్తారు. కౌంటర్లో లెక్కపెట్టకుండా తూకం వేస్తారు కాబట్టి ఒక్క నాణెం తగ్గినా తెలిసిపోతుంది. ఇంట్లో పాత గుండ్రటి పౌండ్లు ఉంటే వేరుగా తీయండి, 2017 అక్టోబరు 15 తర్వాత అవి షాపుల్లో చెల్లవు.

పొదిలి, మ్యూనిక్:
జర్మనీలో మామూలు బ్యాంకులు చిల్లరకు ఫీజు అడుగుతున్నాయి. ఇక్కడి కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ శాఖ దగ్గర్లో ఉంటే అక్కడికి వెళ్లండి, ఇళ్లలో పోగైనవి మార్చి ఇస్తారు. షాపులో గుమ్మరిద్దామంటే కుదరదు. యూరో దేశాల్లో ఒక బిల్లుకు 50 నాణేలకు మించి తీసుకోవాల్సిన పని షాపువాళ్లకు లేదు.

ఉదయగిరి, కువైట్:
అన్నలూ, గల్ఫ్ సంగతి వేరే. ఇక్కడ దినారుకు 1000 ఫిల్సులు, అన్నిటికంటే చిన్న నోటు పావు దినారు. అంటే 250 ఫిల్సుల లోపు ఏదైనా నాణెమే. డ్రైవర్లకు, హోటళ్లలో పనిచేసేవాళ్లకు టిప్పులు ఎక్కువగా 100 ఫిల్సుల బిళ్లల్లోనే వస్తాయి. మనోళ్లలో చాలామంది దాన్ని చిల్లర కదా అని లెక్కచేయరు. నాకు అదే బాధ. 100 ఫిల్సులంటే పాతిక రూపాయల పైమాటే. పది బిళ్లలు పోగేస్తే ఒక దినారు, అది ఊళ్లో అమ్మ మందులకు పోతుంది.

బ్యాంకు దాకా పోవాల్సిన పనే లేదు. బకాలా (చిన్న కిరాణా కొట్టు) నడిపేవాళ్లకు పొద్దున్నే చిల్లర కావాలి, వాళ్లే అడిగి తీసుకుంటారు. రద్దీ లేని టైమ్‌లో పోయి, పది పదిగా కట్టి ఇస్తే అక్కడికక్కడే నోటు ఇస్తారు. నేను జీతం పంపే ముందు రోజు ఇదే పని చేస్తాను, ఆ నోట్లు కూడా కలిపే ఇంటికి పోతాయి. ఇళ్లల్లో పనిచేసే మన అక్కలకు బయటికి పోయే వీలు ఉండదు. సెలవు రోజు కలిసినప్పుడు వాళ్ల బిళ్లలు తీసుకుని నోట్లు మార్చి ఇవ్వండి. అడగడానికి మొహమాటపడతారు, మనమే అడగాలి.

కావలి కుర్రోడు, డల్లాస్:
అందరికీ థ్యాంక్స్. రోల్స్ కాగితాలు తెచ్చేశాను. పెన్నీల తయారీ ఆపేశారంటున్నారు, బ్యాంకు తీసుకుంటుందా? టెన్షన్‌గా ఉంది.

దర్శి అన్న, న్యూజెర్సీ:
2025 నవంబరులో ఆపింది కొత్తవి ముద్రించడమే. ఉన్నవి చెల్లుతాయి. పెన్నీలు కూడా యాభై యాభైగా చుట్టి మిగతా వాటితో పాటే ఇచ్చేయ్.