అప్‌డేట్: ముందు ఎడమ చక్రం దగ్గర శబ్దానికి కారణం దొరికింది

కారు ముందు ఎడమ చక్రానికి దెబ్బ తగిలి మరమ్మతు చేయించాక కూడా, చిన్న గుంతల్లోనూ, నెమ్మదిగా వెళ్తూ స్టీరింగ్ తిప్పినప్పుడూ ‘టక్’మని శబ్దం వస్తోందని ఇంతకుముందు అడిగాను. ఎక్కువమంది స్టెబిలైజర్ లింకులను (మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే బారును చక్రాల వైపు కలిపే చిన్న కడ్డీలను) అనుమానించారు. రెండు వైపులా వాటిని విప్పి నెమ్మదిగా నడిపి చూసినా శబ్దం తగ్గలేదు. స్ట్రట్ మౌంట్ (షాక్ అబ్జార్బర్ పైభాగాన్ని కారు బాడీకి బిగించే భాగం) కూడా బాగానే ఉంది.

లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతున్నంతసేపూ ఏమీ తేలలేదు. చక్రాలపై బరువు ఉంచి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కదుపుతుండగా మరొకరు కింద చెయ్యి ఆనించి చూస్తే, సబ్‌ఫ్రేమ్ (ముందు చక్రాల సస్పెన్షన్‌ను మోసే లోహపు చట్రం) బోల్టు దగ్గర అదురు స్పష్టంగా తెలిసింది. ఆ బోల్టు వాషరు అంచున, పాత మట్టి పక్కనే, నెలవంకలా సన్నగా, కొత్తగా బయటపడిన లోహం మెరుస్తోంది. అంటే దెబ్బకు సబ్‌ఫ్రేమ్ పక్కకు జరిగిందన్నమాట. చక్రాన్ని కింది వైపున సబ్‌ఫ్రేముకు కలిపే లోయర్ ఆర్మ్‌కు వెనుక ఉన్న బుష్ (అదురు తగ్గించే రబ్బరు కీలు) కూడా చిరిగింది. మొదట అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేసినవారు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సరిచేసి, రెండు వైపుల క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం) తేడాను వదిలేశారు. నా ఉద్దేశంలో సబ్‌ఫ్రేమ్ జరిగిందనడానికి అసలు ఆధారం ఆ తేడాలోనే ఉంది.

సబ్‌ఫ్రేమును యథాస్థానానికి జరిపి కొత్త బోల్టులు వేశారు. బుష్ మార్చాక దాని బోల్టును, రబ్బరు మెలిపడకుండా, కారు చక్రాలపై నిలిచిన ఎత్తులోనే బిగించారు. శబ్దం పోయింది, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.