చెక్కుచెదరని నాణెం ఒకటా, అరిగినవి సంచెడా?

నెల్లిమర్ల కొత్తవాడు
అందరికీ నమస్కారం. నాణేల సేకరణ మొదలుపెట్టి ఏడాదయింది. ఇరవై వేలు కూడబెట్టాను. విజయనగరంలో తెలిసిన ఒకాయన దగ్గర, కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల కాలపు ఫణం, అంటే చిన్న బంగారు నాణెం ఉంది, నిన్ననే టంకశాలలోంచి వచ్చినట్టుంది. అదే డబ్బుకు కంపెనీ కాలపు అరిగిన రాగి కాసులు సంచెడు వస్తాయి. ఏది కొనమంటారు?

గంటస్తంభం
ఫణమే కొనండి. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లూ సంచుల లెక్కనే కొన్నాను, ఆ డబ్బు తలచుకుంటే ఈనాటికీ కడుపు మండుతుంది. గాంగుల ఫణం అర గ్రాముకు అటూ ఇటూ తూగుతుంది. ఒక వైపు పడుకున్న నంది, రెండో వైపు ‘స’ అక్షరం, దాని కింద రాజు ఏలుబడిలో అది ఎన్నో ఏడో చెప్పే అంకె. అరుగుదల ముందుగా తినేది ఆ అంకెనే. అది పోయాక మీ చేతిలో మిగిలేది చిటికెడు బంగారం.

నాగావళి ఇంటావిడ
నాదొక బాధ చెప్పుకోవాలి. మా తాతగారి వెండి రూపాయి ఒకటి ఉంది, 1862 విక్టోరియా రాణిది. గోగునార అమ్మిన డబ్బులో వచ్చిందట, ఖర్చు పెట్టకుండా దాచారు. ప్రతి శ్రావణ శుక్రవారం చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి కలశం ముందు ఉంచుతాం. రాణిగారి చెంప నున్నబడి వేలికి జారిపోతుంది. మొన్న ఒక వ్యాపారికి చూపిస్తే “తోమిన నాణెం, వెండి ధర ఇస్తాను” అని బల్ల మీదికి విసిరాడు. ఆ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. అరిగితే విలువే లేదా?

గంటస్తంభం
విసరడం తప్పమ్మా. ధర విషయంలో మాత్రం ఆయన మాట నిజం. చింతపండు పులుపు పైపొరను కొరుకుతుంది, తోమే పీచు గీతలు పెడుతుంది. తోమని రూపాయిని దీపం కింద కాస్త వంచి తిప్పండి, మెరుపు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. అచ్చు దెబ్బకు లోహం అంచుల వైపు పారినప్పుడు పడిన సన్నటి గీతల వల్ల వచ్చే మెరుపు అది. ఆ గీతలు ఒకసారి పోయాయంటే ఏ కంసాలీ తిరిగి తేలేడు. ఇకనైనా చింతపండు మానండి.

నాగావళి ఇంటావిడ
నల్లబడిన రూపాయిని లక్ష్మీదేవి అని పూజలో పెట్టమంటారా?

గంటస్తంభం
ఆ నలుపే దానికి కవచం. గాలిలోని గంధకంతో వెండి మీద ఏళ్ల తరబడి ఏర్పడిన పొర అది. పూజకు వేరే వెండి బిళ్ల కొనుక్కోండి.

నాగావళి ఇంటావిడ
వేరే బిళ్ల మా తాతగారు దాచింది కాదు కదండీ.

పలాస
మా ఇంట్లో 1818 అర్ధణా ఉంది, రాములవారి పట్టాభిషేకం బొమ్మతో. లక్షలు వస్తాయంటున్నారు, నిజమేనా?

అణా కాణీ
రావు. ఆ రాములవారి అర్ధణాలు కంపెనీ టంకశాలలో పుట్టినవి కావు, గుళ్ల దగ్గర అమ్మిన బిళ్లలు. దయచేసి ఎవరికీ ముందుగా డబ్బు పంపకండి.

వంశధార ఒడ్డు
చింతపండు దగ్గరే ఆగిపోయారు. 1808 నాటి మద్రాసు ఇరవై కాసుల రాగి నాణెం చూశారా? ఇంగ్లండులో ముద్రించి మద్రాసుకు పంపితే, మోసుకొస్తున్న ‘అడ్మిరల్ గార్డ్నర్’ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోనే మునిగింది. 1980లలో పైకి తీస్తే ఎన్నో కొత్తవాటిలాగే ఉన్నాయి. వాటితో ఎవరూ ఉప్పు కొనలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. అప్పుడు మన జిల్లాలూ మద్రాసు ఏలుబడిలోనివే. అదే ఏడు ముద్రించి ఇక్కడి సంతల్లో అరిగిన కాసు నా దగ్గరుంది. నాకు అదే గొప్ప. అమెరికా రాగి సెంట్ల కోసం షెల్డన్ అనే ఆయన 1949లో కట్టిన, అరుగుదలను బట్టి వేసే డెబ్బై మార్కుల కొలతను దానికి తగిలించి తక్కువ చేస్తే ఒప్పుకోను.

గంటస్తంభం
మాస్టారూ, మీ అరిగిన కాసు మీద ఏముందో చెప్పగలిగారంటే, అరగనిది ఎక్కడో ఎవరో దాచబట్టే.

వంశధార ఒడ్డు
దాచినందుకు కాదు నా కోపం. మూడు రోజులుగా అందరూ మెరుపు గురించే మాట్లాడుతున్నారు. ఆ ఫణం ఎక్కడ దొరికిందని ఒక్కరైనా అడిగారా? ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల బంగారం నిన్నటిదానిలా ఉందంటే అది చేతులు మారలేదు, కుండలో పడి మట్టిలో ఉంది. ఆ కుండను ఎవరు తవ్వారు?

గంటస్తంభం
నన్ను దొంగ అంటున్నారా?

వంశధార ఒడ్డు
అనడం లేదు, వినండి. ముఖలింగం నుంచి పొలాల గట్టు మీద నడిచి వెళ్లగల ఊరు మాది. గాంగుల రాజధాని కళింగనగరం ఆ ముఖలింగమేనంటారు. ముప్పై ఏళ్ల కిందట నేను బడిలో పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు బలపాల డబ్బా తెరిచి చూపించాడు. బలపం ముక్కల మధ్య కందిబద్దంత బంగారం. నంది మూపురం స్పష్టంగా ఉంది. వెనక్కి తిప్పాను, అంకె ఉంది. గంట కొట్టారు, మధ్యాహ్నం రాసుకుందాంలే అని ఇచ్చేశాను. వాళ్ల పునాదిలో చిన్న కుండ దొరికిందట, పిడికెళ్లతో పంచుకున్నారు. వారం తిరక్కుండా అంతా కంసాలి మూసలో కరిగింది. సోమవారం ఆ పిల్లవాడి చెల్లెలు కొత్త పోగులు పెట్టుకుని బడికి వచ్చింది. ఒకే కుండలో ఏ ఏ ఏళ్ల ఫణాలు కలిసి ఉన్నాయో తెలిస్తే, దాన్ని పాతిపెట్టింది ఎప్పుడో అంచనా కట్టవచ్చు. విడిగా ఒక్కటి, ఎంత మెరిసినా, ఆ సంగతి చెప్పలేదు.

గంటస్తంభం
అయితే నా మాట మీరే బలపరిచారు. ఆ వారంలో నాలాంటివాడు ఒకడు మీ ఊరొచ్చి బంగారం ధరకు రెండింతలు ఇచ్చి ఉంటే ఒక్కటీ కరిగేది కాదు.

వంశధార ఒడ్డు
కలెక్టరుకు చెప్పి ఉండాల్సింది. 1878 చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా తెలియజేయాలి.

గంటస్తంభం
చెప్పకపోతే ఏడాది వరకు జైలని కూడా అందులోనే ఉంది. అందుకే రైతు రాత్రికి రాత్రి కరిగిస్తాడు. లంకెబిందెలు దొరికినవాడికి నిద్ర ఉండదు, మాస్టారూ.

వంశధార ఒడ్డు
సొంతదారు తేలకపోతే దొరికినవాడికీ నేల యజమానికీ వాటాలు చెప్పింది కూడా ఆ చట్టమే. సర్కారు తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి.

గంటస్తంభం
లోహం విలువ! ఆ అమ్మగారికి వ్యాపారి చెప్పినదీ అదే. నంది, అంకె, తొమ్మిది వందల ఏళ్లు, వీటికి పైసా లేదా?

వంశధార ఒడ్డు
అది అన్యాయమే. ఎక్కువ ఇవ్వాలని నేనూ అంటాను. కానీ మీ దగ్గరున్న ఫణాలు ఏ ఊళ్లలో దొరికాయో మీకు తెలుసా? సూటిగా చెప్పండి.

పలాస
మా బిళ్ల అమ్మను లెండి. ఈ చర్చ మాత్రం ఆపకండి.

గంటస్తంభం
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. నా దగ్గర పదకొండు ఉన్నాయి. రెండింటికే ఊరి పేరు తెలుసు. మిగతావి అమ్మినవాళ్లను అడగలేదు. అడిగితే జడిసి ఇంకొకరికి అమ్మేస్తారని నా భయం. అంకె కోసమే కొంటానని పైన రాశాను, అది నిజమే. ఊరి పేరు కూడా అలాంటిదేనని నాకు తెలియక కాదు.

నాగావళి ఇంటావిడ
మా రూపాయి ఎక్కడిదో నాకు తెలుసు. తాతగారు ఏ సంతలో నార అమ్మారో, బండి ఎవరిదో అమ్మ చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, రూపాయితో పాటు దేవుడి పెట్టెలో పెట్టాను. ఈసారి తోమలేదు. పసుపు మాత్రం పెట్టాను.

నెల్లిమర్ల కొత్తవాడు
ఆయనకు ఫోను చేసి ఎక్కడిదని అడిగాను. “నీకెందుకు?” అన్నాడు. డబ్బు నా దగ్గరే ఉంది.

గంటస్తంభం
మాస్టారూ, ఆ రెండు ఫణాలూ తూచి, ఫొటోలు తీసి పంపుతాను. ఊళ్ల పేర్లు ఇక్కడ రాయను, ఒక రైతు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. మీకు విడిగా రాస్తాను.

వంశధార ఒడ్డు
పంపండి. అంకె పాత లిపిలో ఉంటుంది కాబట్టి మీరు చదివినట్టు రాయకండి. ఫొటోతో పాటు, ఉన్నది ఉన్నట్టు చేత్తో గీసి పంపండి.