ఎన్‌8ఎన్ వెబ్‌హుక్: ఎడిటర్‌లో ఒక్కసారి వస్తుంది, తర్వాత 404

కొట్టు_లెక్కలు: ఎన్‌8ఎన్ (పనులను ఆటోమేటిక్‌గా నడిపే టూల్) మా సర్వర్‌లోనే పెట్టుకున్నాం. వెబ్‌సైట్‌లో ఆర్డర్ ఫారం నింపగానే వెబ్‌హుక్‌కి (బయటి నుంచి డేటా అందుకునే యూఆర్‌ఎల్) వచ్చి షీట్‌లో పడాలి. ఒక్కసారి పడుతుంది, ఆ తర్వాత అంతా 404 (ఆ అడ్రస్ దొరకలేదనే ఎర్రర్). రోజూ ఉదయం 9కి పెండింగ్ ఆర్డర్ల లిస్టు కూడా ఇదే వర్క్‌ఫ్లో (వరుసగా నడిచే స్టెప్పుల సెట్) నుంచి పంపాలి. రెండు ట్రిగ్గర్లు (వర్క్‌ఫ్లోని మొదలుపెట్టే స్టెప్పులు) పెట్టొచ్చా?

సీతమ్మధార: ఫారంలో ఏ యూఆర్‌ఎల్ ఇచ్చారు? మధ్యలో 'వెబ్‌హుక్-టెస్ట్' అని ఉంటే అది టెస్ట్‌ది. 'లిజన్' నొక్కాక 120 సెకన్లే వింటుంది, అదీ ఒక్క రిక్వెస్టే. ప్రొడక్షన్ యూఆర్‌ఎల్‌లో ఆ 'టెస్ట్' ఉండదు. వర్క్‌ఫ్లోని యాక్టివ్ చేస్తేనే అది పలుకుతుంది. కొత్త వెర్షన్లలో ఆ బటన్ పేరు పబ్లిష్.

కొట్టు_లెక్కలు: అదేనండీ! మార్చాను, 404 పోయింది. కానీ కాన్వాస్ (ఎడిటర్‌లో వర్క్‌ఫ్లో కనిపించే స్క్రీన్) మీద ఏమీ కదలట్లేదు?

సీతమ్మధార: కదలదు. ప్రొడక్షన్ రన్‌లు ఎగ్జిక్యూషన్స్ ట్యాబ్‌లో కనిపిస్తాయి.

నైట్‌షిఫ్ట్_రావు: ట్రిగ్గర్లు ఎన్నైనా పెట్టుకోవచ్చు, ఒక రన్‌ని మాత్రం ఒక్కటే మొదలుపెడుతుంది. అసలు చిక్కు ట్రిగ్గర్ తర్వాత వచ్చే నోడ్లలో (వర్క్‌ఫ్లోలో ఒక్కో స్టెప్ ఒక నోడ్). అక్కడ వెబ్‌హుక్ నోడ్ పేరు పెట్టి డేటా లాగితే, 9 గంటల రన్‌లో ఆ నోడ్ నడవనే లేదు కాబట్టి ఎర్రర్ కొడుతుంది. ప్రతి ట్రిగ్గర్ వెనకాలే ఒక ఎడిట్ ఫీల్డ్స్ నోడ్ పెట్టి, రెండు వైపులా ఒకే ఫీల్డ్ పేర్లు వచ్చేలా చేశాకే కలపండి. ఫారం డేటా 'బాడీ' లోపల ఉంటుంది, అది కూడా అక్కడే బయటికి తీసేయొచ్చు.

మణి_చెన్నై: రావుగారూ, ఇంత అవసరమా? ఆర్డర్ రాసుకోవడం వేరు, లిస్టు పంపడం వేరు. నేనైతే రెండు వర్క్‌ఫ్లోలు చేస్తా. రెండింటికీ కామన్ పని ఏదైనా ఉంటే సబ్-వర్క్‌ఫ్లోగా (వేరే వర్క్‌ఫ్లో పిలిస్తే నడిచేది) తీసి, దానికి 'వెన్ ఎగ్జిక్యూటెడ్ బై అనదర్ వర్క్‌ఫ్లో' ట్రిగ్గర్ పెడతా.

నైట్‌షిఫ్ట్_రావు: ఈ కేసుకి మీరన్నదే బెటర్. ఒకే పని రెండు దార్లలో మొదలవ్వాలంటేనే నా పద్ధతి.

కొట్టు_లెక్కలు: విడగొట్టేశాను. కానీ 9 గంటల లిస్టు సాయంత్రం 6:30కి వస్తోంది!

మణి_చెన్నై: అది న్యూయార్క్ టైమ్. సొంత సర్వర్‌లో డిఫాల్ట్ అదే, చలికాలం అయితే 7:30కి వచ్చేది. వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా పెట్టి మళ్లీ పబ్లిష్ చేయండి.

సీతమ్మధార: ఇంకోటి. యూఆర్‌ఎల్ తెలిస్తే ఎవరైనా దొంగ ఆర్డర్లు పంపొచ్చు. వెబ్‌హుక్ నోడ్‌లో హెడర్ ఆథ్ (రిక్వెస్ట్‌తో పాటు రహస్య కీ వస్తేనే ఒప్పుకునే తనిఖీ) పెట్టండి. ఆ కీ బ్రౌజర్ కోడ్‌లో రాస్తే అందరికీ కనిపిస్తుంది, అందుకని రిక్వెస్ట్ మీ సైట్ సర్వర్ నుంచే వెళ్లాలి.