కమ్యూనిటీ కాలేజీలో చేరి యూనివర్సిటీకి బదిలీ కావడం మంచిదేనా?

ప్రశ్న:
మేము కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాము. మా అమ్మాయి మొదటి రెండేళ్లు ఇక్కడి ఓలోనీ అనే కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో నడిచే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) చదివి, తరువాత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బదిలీ అవుతానంటోంది. చివరికి సీటు రాకపోతే ఎలాగన్న భయంతో పాటు, హైదరాబాదులోని బంధువులకు ఏమని చెప్పాలన్న బెంగ కూడా (ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది) నన్ను వదలడం లేదు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు (కోర్సుల బరువును లెక్కగట్టే కొలమానం) 46 డాలర్లే కనుక, బదిలీకి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లకు 2,760 డాలర్లు అవుతాయండి. పుస్తకాలు, చిల్లర రుసుములు వేరు. ఇక సీటు సంగతి: యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు, తాము నిర్దేశించిన కోర్సులూ గ్రేడ్లూ ఉన్నవారికి ముందుగానే ప్రవేశ హామీ ఇస్తాయి. ఆ హామీకి సెప్టెంబరులో, ఒక్క క్యాంపస్‌కే దరఖాస్తు చేయాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగోలలో ఈ సౌకర్యం లేదు.

జవాబు 2:
పై సమాధానానికి ఒక హెచ్చరిక చేర్చాలి. కంప్యూటర్ సైన్స్ వంటి కోర్సులకు కొన్ని క్యాంపస్‌లు ఈ హామీని వర్తింపజేయవు. మా అబ్బాయి ఎవరో చెప్పారని తీసుకున్న గణితం కోర్సు లెక్కలోకి రాక, ఒక సెమిస్టర్ అదనంగా చదవవలసి వచ్చింది. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో మొదటి సెమిస్టర్‌కు ముందే చూసుకోండి.

జవాబు 3:
బంధువుల బెంగ వదిలేయండమ్మా, పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే.