బీఎస్సీ చేసి వెటర్నరీకి వెళ్లడం తెలివైన పనేనా?

పలాస అన్నయ్య:
చెల్లి బైపీసీ అయింది. నీట్ ర్యాంకు వెటర్నరీ సీటుకి చాలలేదు. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు, "ఇక్కడ ముందు నాలుగేళ్లు యానిమల్ సైన్స్ చదివి, తర్వాతే పశువైద్యంలో చేరతారు. దానిని కూడా అలాగే చదివించు" అంటున్నాడు. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి డబ్బులెక్కడివని నాన్న. శ్రీకాకుళంలో బీఎస్సీ జువాలజీలో వేసీమంటారా?

గరివిడి సీనియర్:
వద్దు తమ్ముడూ. మన దగ్గర పశువైద్య డిగ్రీ, అదే బీవీఎస్సీ, ఇంటర్ మీదే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. బీఎస్సీ చేసొచ్చినా ఒక్క మార్కు కలవదు, మళ్లీ అదే నీట్. అమెరికా సంగతి వేరు, అక్కడి పశువైద్య కోర్సు డీవీఎం నాలుగేళ్లు, ఎక్కువమంది డిగ్రీ తర్వాతే చేరతారు. అక్కడైనా యానిమల్ సైన్సే చదవాలని లేదు. కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ పేపర్లు ఉండాలి, పశువుల దగ్గర పనిచేసిన గంటలు చూస్తారు.

టెక్కలి జువాలజీ మేడమ్:
అంత తేలిగ్గా వద్దనకు బాబూ. రెండేళ్లు లాంగ్‌టర్మ్ చేసి, చివరికి ఇంటర్ సర్టిఫికెట్టొక్కటే మిగిలిన పిల్లలు నాకు తెలుసు. ఆడపిల్ల ఇంకో ఏడాది ఖాళీగా ఉందంటే ఇంట్లో సంబంధాలు మొదలెడతారు. బీఎస్సీలో ఉంటే ఆ గొడవ ఉండదు. నీట్ రాయొద్దని ఎవరూ అనరు.

గరివిడి సీనియర్:
సంబంధాల మాట ఒప్పుకుంటాను మేడమ్, అది నాకు తట్టలేదు. కానీ ప్రాక్టికల్స్, రికార్డులు, అటెండెన్సు... వాటి మధ్య నీట్‌కి ఎప్పుడు చదువుతుంది? అలా వచ్చిన అమ్మాయి మా బ్యాచ్‌లో ఒకర్తే.

రాజాం రైతు:
పదో తరగతి మీద రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉందిగదా, దాని ఊసే ఎత్తరేటి? మా ఊళ్లో గాలికుంటు టీకా వేసేదీ, ఎదకొస్తే సూది వేసేదీ ఆ చదువు చదివినోళ్లే.

గరివిడి సీనియర్:
మంచి చదువే బాబాయ్. కాకపోతే వాళ్లు డాక్టరు పర్యవేక్షణలో చిన్న సేవలే చెయ్యాలి, 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం అదే చెబుతుంది.

రాజాం రైతు:
రాత్రి రెండింటికి గేదెకి దూడ అడ్డం తిరిగితే చట్టం వస్తదేటి? ఫోనెత్తినోడే డాక్టరు.

పలాస అన్నయ్య:
ఇదంతా చెల్లికి చదివి వినిపించాను. లాంగ్‌టర్మా, బీఎస్సీనా అన్నది వదిలేసి, దూడ అడ్డం తిరిగితే ఏం చేస్తారని అడుగుతోంది.

గరివిడి సీనియర్:
మామూలుగా ముందుకాళ్లూ, వాటి మీద తలా వస్తాయి. కాలు మడత పడితే ముందు దూడని లోపలికి నెట్టాలి, చోటు దొరికాక కాలు సరిచెయ్యాలి, ఆ తర్వాతే తాడు కట్టి లాగాలి. చాలామంది తాడుతోనే మొదలెడతారు. సెలవుల్లో పది రోజులు మీ ఊరి పసులాసుపత్రికి పంపించు, డాక్టరు గారిని అడిగి. పాత బట్టలు కట్టుకెళ్లమను.