తక్కువ బడ్జెట్‌లో ఫుల్ ఫ్రేమ్: ముందు బాడీ మార్చాలా, లెన్సు మార్చాలా?

రెండోకన్ను (ప్రశ్న):

ఆరేళ్లుగా నేను ఒక ఏపీఎస్-సీ (కాంతిని పట్టే సెన్సర్ చిన్నదిగా ఉండే) డీఎస్ఎల్ఆర్‌ను, దానితో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సునే వాడుతున్నాను. ఎక్కువగా తీసేవి నాటకాల రిహార్సల్స్, ఇంట్లో దీపం వెలుగులో మనుషుల ముఖాలు. చీకటి పడితే ఐఎస్ఓను (తక్కువ వెలుగులోనూ ఫోటో ప్రకాశంగా వచ్చేలా చేసే అమరికను) 6400కు పెంచక తప్పడం లేదు. అలా తీసిన ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే జుట్టు పోగులుగా కాక ముద్దగా కనిపిస్తోంది, వెనక ఉన్న నల్లటి తెర మీద ఎర్రటి, ఆకుపచ్చటి చుక్కలు తేలుతున్నాయి. కొత్త ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) కొనే స్తోమత లేదు. కూడబెట్టిన డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో పదేళ్ల కిందటి ఫుల్ ఫ్రేమ్ బాడీ, దానికి ఒక మామూలు లెన్సు వస్తాయి. లేదంటే ఉన్న కెమెరానే ఉంచుకుని మంచి ప్రైమ్ లెన్సులు (జూమ్ లేనివి) కొనుక్కోవచ్చు. ఈ రెండింటిలో ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతకటకం:

సందేహం లేకుండా ఫుల్ ఫ్రేమ్ తీసుకోండి. దాని సెన్సర్ 36×24 మి.మీ., అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. మీ ఏపీఎస్-సీ సెన్సర్ వైశాల్యం కంపెనీని బట్టి 330 నుంచి 370 మధ్య ఉంటుంది. ఒకే ఎపర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం), ఒకే షట్టర్ స్పీడ్ పెట్టి ఒకే దృశ్యాన్ని తీసినప్పుడు పెద్ద సెన్సర్ దాదాపు రెండున్నర రెట్ల కాంతిని పోగుచేస్తుంది కాబట్టి నాయిస్ (ఫోటోలో తేలే అనవసర చుక్కలు) తగ్గుతుంది; ఇది ప్రకటనల్లో చెప్పే మాట కాదు, భౌతిక శాస్త్రం. 2012లో వచ్చిన కెనాన్ 6డీ, 2014లో వచ్చిన నికాన్ డీ750 ఇప్పటికీ చక్కటి ఫోటోలు ఇస్తాయి. నా 6డీలో మధ్యనున్న ఫోకస్ పాయింట్ వెన్నెల పాటి వెలుగులో కూడా పట్టు తప్పదు.

ఇంకొక సంగతి కూడా ఆలోచించండి. ఇప్పుడు చిన్న సెన్సర్ కోసమే చేసిన లెన్సులు కొంటే రేపు ఫుల్ ఫ్రేమ్‌కు మారినప్పుడు ఆ డబ్బంతా వృథా అవుతుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు 6డీకి అసలు బిగియవు. నికాన్ డీఎక్స్ లెన్సులు డీ750కి బిగుస్తాయి గాని, 24 మెగాపిక్సెళ్ల ఫోటో సుమారు 10 మెగాపిక్సెళ్లకు పడిపోతుంది.

చీకటిగది:

పాతకటకం గారు వైశాల్యం గురించి చెప్పిన లెక్క సరైనదే. నా అభ్యంతరం లెక్క మీద కాదు, ఆ లెక్కను సగంలో ఆపేయడం మీద. రెండున్నర రెట్లు అంటే సుమారు ఒకటింబావు స్టాప్ (ఒక్కో స్టాప్‌కు కాంతి రెట్టింపవుతుంది). ప్రశ్న అడిగినవారి కిట్ లెన్సు 55 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ పక్కనున్న సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). అదే కెమెరాకు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు బిగిస్తే, 5.6ను 1.8తో భాగించి వచ్చినదాన్ని వర్గం చేయండి, దాదాపు పది రెట్ల కాంతి వస్తుంది. అది మూడుంబావు స్టాప్‌ల లాభం, అదీ చాలా కంపెనీలు అమ్మే లెన్సుల్లో అతి చవకైన వాటిలో ఒకదానితో. ఇక పాత ఫుల్ ఫ్రేమ్ బాడీ కొని, మిగిలిన డబ్బుతో ఎఫ్/4 జూమ్ ఒకటి తెచ్చుకున్నారనుకుందాం. లెన్సు వల్ల ఒక స్టాప్, సెన్సర్ వల్ల ఒకటింబావు, మొత్తం రెండుంబావు. ఎక్కువ ఖర్చు పెట్టి, ఎక్కువ బరువు మోసి, తక్కువ కాంతితో ఇంటికి వస్తారు. బడ్జెట్ తక్కువైన ప్రతివారికీ ఈ ఉచ్చు ఎదురవుతుంది: బాడీకే డబ్బంతా అయిపోతుంది, దాని ముందు పెట్టవలసిన గాజుకు మిగలదు.

రెండోది, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ఫోటోలో స్పష్టంగా ఉండే లోతు. రిహార్సల్‌లో ఇద్దరు నటులు ఒకరు ముందు, ఒకరు రెండడుగులు వెనక నిలబడ్డారు, ఇద్దరి ముఖాలూ స్పష్టంగా రావాలి. ఏపీఎస్-సీ మీద ఎఫ్/2.8తో ఆ పని జరిగితే, అదే కోణంలో అదే స్పష్టత కోసం ఫుల్ ఫ్రేమ్ మీద సుమారు ఎఫ్/4కు మూయాలి, షట్టర్ స్పీడ్ తగ్గకుండా ఐఎస్ఓ ఆ మేరకు పెంచాలి. అక్కడితో ఒకటింబావు స్టాప్ లాభం కరిగిపోతుంది. పెద్ద సెన్సర్ లాభం పూర్తిగా దక్కేది, వెనకదంతా మసకబారినా పరవాలేదు అనుకున్నప్పుడే.

మూడోది నేను చేదుగా నేర్చుకున్నది. 6డీలో ఫోకస్ పాయింట్లు పదకొండే, అవీ చట్రం మధ్యలోనే గుమిగూడి ఉంటాయి, గట్టిగా పనిచేసేది నడిమిది ఒక్కటే. 85 మి.మీ. లెన్సును ఎఫ్/1.8 దగ్గర తెరిచి, ఒకటిన్నర మీటరు దూరం నుంచి ముఖం తీస్తే స్పష్టంగా ఉండే లోతు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. నడిమి పాయింట్‌తో కంటి మీద ఫోకస్ పట్టి, ముఖం చట్రంలో పైకి వచ్చేలా కెమెరాను కిందికి వంచగానే ఫోకస్ తలం కూడా వంగుతుంది. తర్వాత తెర మీద పెద్దది చేసి చూస్తే రెప్పవెంట్రుకలు మెత్తగా, చెవి పక్కనున్న జుట్టు మాత్రం పోగు పోగునా స్పష్టంగా కనిపిస్తుంది. అటువంటివి నా దగ్గర వందలున్నాయి. కంటిని తానే వెతికి పట్టుకునే, లోపల అద్దం లేని ఇప్పటి మిర్రర్‌లెస్ ఏపీఎస్-సీ కెమెరాలు, నాయిస్‌లో కాస్త వెనకబడినా, ఎక్కువ ఫోటోలను దక్కిస్తాయి.

‘ఫుల్’ అన్న మాట కూడా మనల్ని కొంత మోసం చేస్తుంది. ఆస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మ్‌ను స్టిల్ కెమెరాలో అడ్డంగా నడిపించి, 18×24 మి.మీ. సినిమా చట్రాన్ని రెట్టింపు చేసినప్పుడు 24×36 వచ్చింది. 1925లో లైకా అమ్మకానికి రావడంతో అది స్థిరపడింది. అంతకంటే పెద్ద ఫిల్మ్‌ను వాడుతున్న ఆనాటి ఫోటోగ్రాఫర్ల దృష్టిలో అది చిన్న చట్రం. దానికంటే తక్కువదంతా అసంపూర్ణం అన్న భావన డిజిటల్ కాలంలోనే బలపడింది.

పాతకటకం:

చీకటిగది గారి లెక్కను కాదనలేను. ఎఫ్/4 జూమ్‌తో ఫుల్ ఫ్రేమ్ కొనమని నా ఉద్దేశం కూడా కాదు. అయితే ఆ ఎఫ్/1.8 లెన్సును ఫుల్ ఫ్రేమ్ మీద పెట్టకుండా ఎవరు ఆపారు? 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఫుల్ ఫ్రేమ్ మీద ఇచ్చే కోణం, కాంతి, మసక ఏపీఎస్-సీ మీద కావాలంటే సుమారు 23 మి.మీ. ఎఫ్/1.2 లెన్సు కావాలి. అటువంటివి అరుదు, దొరికినా చవక కావు. వెడల్పు కోణంలో మనిషిని, అతని చుట్టూ ఉన్న గదిని కలిపి తీసేవారికి పాత ఫుల్ ఫ్రేమ్ బాడీ, ఒక్క ప్రైమ్ కలిపి అన్నింటికంటే తక్కువ ఖర్చులో పడే దారి. ఈ మాట మీద నేను గట్టిగా నిలబడతాను. ఫోకస్ సమస్య నిజమే. నేను ముఖాలను చట్రం మధ్యకు దగ్గరగా పెట్టి తీసి, తర్వాత కత్తిరించుకుంటాను.

నిలువుచట్రం:

సెకండ్ హ్యాండ్ వైపు మొగ్గితే ఒక్క మాట. నేను షట్టర్ కౌంట్ (అప్పటివరకు ఎన్ని క్లిక్కులు కొట్టారో ఆ లెక్క) అడగకుండా ఒక పాత ఫుల్ ఫ్రేమ్ బాడీ కొన్నాను, నాలుగు నెలలకే షట్టర్ పోయింది, బాగుచేయించడానికి బాడీ ధరలో సగం అయింది. 6డీ షట్టర్‌ను 1,00,000 క్లిక్కులకు, డీ750 షట్టర్‌ను 1,50,000 క్లిక్కులకు పరీక్షించినట్టు ఆ కంపెనీలు ప్రకటించాయి. అంతకు ముందే పోవచ్చు, దాటి కూడా పనిచేయవచ్చు, కాని ఎంత వాడకం జరిగిందో తెలియకుండా ధర మాట్లాడకండి. ఎఫ్/16 పెట్టి తెల్లగోడను ఫోకస్ తప్పించి తీసి చూడండి, సెన్సర్ మీద మరకలుంటే బూడిదరంగు చుక్కలుగా బయటపడతాయి. నికాన్ డీ600కు ఈ మరకల పేరు బాగా ఉంది. 2014లో కంపెనీయే ఉచితంగా షట్టర్ మార్చి ఇస్తామంది. 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2లో నీడలను ఎడిటింగ్‌లో ఎక్కువగా వెలిగిస్తే చారలు తేలతాయి. చీకట్లో తీసేవారు దాన్ని వదిలేయడం మంచిది.

రెండోకన్ను:

అందరికీ కృతజ్ఞతలు. చర్చ చదివాక గత ఏడాది నేను దాచుకున్న రిహార్సల్ ఫోటోలన్నింటి వివరాలు తెరిచి చూశాను. నాలుగింట మూడు వంతులు 50, 55 మి.మీ. మధ్య, ఎఫ్/5.6 దగ్గర తీసినవే. తర్వాత ఒక స్నేహితుడి దగ్గర 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు అడిగి తీసుకుని, అదే గదిలో, అవే దీపాల కింద ఒక సాయంత్రం తీశాను. ఇదివరకు ఎఫ్/5.6, 1/60, ఐఎస్ఓ 6400 పెట్టిన చోట ఇప్పుడు ఎఫ్/2, 1/125, ఐఎస్ఓ 1600తో అదే వెలుగు వచ్చింది. సంభాషణ మధ్యలో పైకెత్తిన చెయ్యి కదలక నిలిచింది, తెర నల్లగా ఉంది, జుట్టు జుట్టులాగే ఉంది.

కాని వేదిక మొత్తం పట్టేలా 18 మి.మీ. దగ్గర తీసే ఫోటోలకు ఈ లెన్సు ఉపయోగపడలేదు, వెనక గోడకు ఆనుకున్నా సగం మందే చట్రంలోకి వచ్చారు. ఆ విషయంలో పాతకటకం గారి వాదనకు నా దగ్గర జవాబు లేదు. కాబట్టి ఇప్పటికి ఫుల్ ఫ్రేమ్‌కు కూడా సరిపోయే 50 మి.మీ. లెన్సు ఒక్కటే కొంటున్నాను, చిన్న సెన్సర్‌కు మాత్రమే పనికివచ్చే లెన్సులు కొనను. మిగిలిన డబ్బును షట్టర్ తక్కువగా వాడిన డీ750 బాడీ, దానితో పాటు ఒక 35 మి.మీ. లెన్సు రెండూ కలిపి కొనగలిగే వరకు అలాగే ఉంచుతాను.