దుబాయి వచ్చి యాభై రెండు రోజులు: ఇంట్లో ఎంతవరకు చెప్పాలి?

పసుపుచేను:

అందరికీ నమస్కారం. మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర ఊరు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పూర్తిచేసి, జులై మొదటి వారంలో కంపెనీ వీసా మీద దుబాయి వచ్చాను. ఉండేది సోనాపూర్ కార్మికుల క్యాంపులో. గదిలో ఆరుగురం, ఒకదాని మీద ఒకటి ఉండే మంచాల జతలు మూడు.

తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, లేకపోతే స్నానాల గది దగ్గర వరుస పెరిగిపోతుంది. ఐదుంపావుకు బస్సు. సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆ వేళలో అట్టపెట్టెలు పరుచుకుని నీడలో పడుకుంటాం. లేచేసరికి చొక్కా ఆరి, వీపు మీద ఉప్పు తెల్లటి గీతలుగా నిలిచి ఉంటుంది. గదికి చేరేసరికి రాత్రి ఏడున్నర, ఎనిమిది. అప్పటికి మెస్ నుంచి పప్పు, ఖుబ్బూస్ రొట్టెలు వచ్చి ఉంటాయి.

పనికి నేను భయపడటం లేదు. బాపుతో కలిసి పసుపు తవ్వినవాణ్ణి, పసుపు ఉడికే చోట పొద్దంతా నిలబడినవాణ్ణి. కష్టంగా ఉన్నది ఫోను ఎత్తడం. అవ్వ రోజూ మూడే అడుగుతుంది: తిన్నావా, ఏం తిన్నావు, గదిలో ఎవరెవరు ఉన్నారు. మొదటి రోజే "కోడికూర పెట్టారు, గదిలో ఇద్దరమే" అని చెప్పేశాను. అప్పటి నుంచి ఆ ఇద్దరినే కాపాడుకుంటూ వస్తున్నాను. పక్కవాళ్ల గొంతులు వినిపిస్తే పక్క గదివాళ్లు వచ్చారంటున్నాను.

జీతం సంగతీ అంతే. ఏజెంటు 1,500 దిర్హామ్‌లు అన్నాడు. కాగితంలో ఉన్నది 1,000 జీతం, 300 తిండికి. ఇంట్లో ఇంకా 1,500 అనే అనుకుంటున్నారు. ఏజెంటుకు కట్టడానికి లక్షా నలభై వేలు అప్పు తెచ్చాం, నూటికి రెండు రూపాయల మిత్తి. అంటే నెలకు 2,800 మిత్తికే పోతుంది. మొదటి జీతంలో 800 దిర్హామ్‌లు పంపితే పద్దెనిమిది వేల చిల్లర చేరింది. "మిగతాది దాచుకుంటున్నావా, మంచిదే" అన్నాడు బాపు. వచ్చే వేసవిలో చెల్లెలి పెళ్లి చేద్దామని సంబంధాలు చూడటం కూడా మొదలుపెట్టారు.

అవ్వ హార్లిక్స్ సీసాలో మామిడికాయ తొక్కు పెట్టి, మూత చుట్టూ పాత చీర గుడ్డ కట్టి పంపింది. రోజుకు అర చెంచా చొప్పున వేసుకున్నా సీసా అడుగు కనిపిస్తోంది. మొన్న గదిలోని నేపాల్ అతను కొంచెం అడిగితే అయిపోయిందన్నాను. సీసా నా దిండు పక్కనే ఉంది, అతను చూస్తూనే ఉన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటికి చెప్పే అబద్ధం ఇక్కడివాళ్ల దాకా వచ్చిందనిపించింది.

మీకు ఇక్కడ అలవాటు పడటానికి ఎన్నాళ్లు పట్టింది? ఇంట్లో ఎంతవరకు చెప్పారు? ఇంకొకటి, నా పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. అడగవచ్చా? అడిగితే పని పోతుందని గదిలోవాళ్లు భయపెడుతున్నారు.

ఆర్మూర్ బాట:

తమ్ముడూ, నేను వచ్చి పందొమ్మిదేళ్లయింది. మా తాత బొగ్గుబాయికి వెళ్లాడు, పెదనాన్న బొంబాయికి, నేను దుబాయికి. మన వైపు చాలా ఇళ్ల చరిత్ర ఈ మూడు మాటల్లోనే ఉంది.

ముందు పాస్‌పోర్టు. అది నీది. కార్మికుడి పాస్‌పోర్టు కంపెనీ ఉంచుకోకూడదని ఇక్కడి చట్టమే చెబుతోంది. గొడవగా కాకుండా కాగితం మీద రాసి అడుగు, ఆ కాగితం ఫోటో తీసుకో. ఇవ్వకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ నంబరు 600590000. మన కాన్సులేట్ తరఫున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 80046342కు ఉచితంగా ఫోను చేయవచ్చు. పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ అనే ఇక్కడి గుర్తింపు కార్డు, ఒప్పందం, అన్నిటి ఫోటోలూ ఈ రాత్రే మీ చెల్లెలి ఫోనుకు పంపు. నీ ఫోను పోయినా అవి ఉంటాయి.

ఏజెంటు నోటితో అన్న 1,500కు ఇక్కడ విలువ లేదు. మంత్రిత్వ శాఖ యాప్‌లో నీ పేరు మీద నమోదైన ఒప్పందం కనిపిస్తుంది, అందులో ఉన్నదే లెక్క. లైసెన్సు ఉన్న ఏజెంటు సైతం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. నీ దగ్గర లక్షకు పైగా తీసుకున్నాడంటే ఆ డబ్బుకు రసీదు ఉందో లేదో బాపును అడుగు. ఉంటే చించకుండా దాచమను.

చిన్న నోటుబుక్కు ఒకటి జేబులో పెట్టుకో. రోజూ ఎన్నింటికి పని మొదలైంది, ఎన్నింటికి ముగిసింది, రెండే గీతలు. రోజుకు ఎనిమిది గంటలు దాటితే మూల వేతనం లెక్కకు పాతిక శాతం కలిపి ఇవ్వాలి. నీ 1,000కి గంటకు ఐదు దిర్హామ్‌ల పైచిలుకు వస్తుంది. రాత్రి పది నుంచి తెల్లవారి నాలుగు మధ్య అయితే యాభై శాతం. మూడో ఏడు మా కంపెనీ నాలుగు నెలల ఓవర్‌టైం లెక్కల్లో చూపలేదు. నోరు పెద్దగా ఉన్నవాళ్లు అరిచారు, ఏమీ కాలేదు. నేను, ఒక ఒడిశా అతను మా పుస్తకాలు తీసుకెళ్లి చూపించాం. డబ్బు వచ్చింది. అప్పటి నుంచి ఈ రోజు వరకు నేను పుస్తకం మానలేదు, ఇప్పుడు రాస్తున్నది పదహారోది.

ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే అవ్వ మళ్లీ ఏదో ఒకటి పంపుతుంది. తొక్కు, సకినాలు, పసుపు ఏవైనా రానీ. గసగసాలు మాత్రం గింజ కూడా వద్దు. మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. మన మటన్ కూరలో రోజూ వేసేవే అయినా ఈ దేశంలో మత్తు పదార్థం కింద లెక్క, జైలు దాకా పోతుంది. దగ్గు మందులు, నొప్పి మాత్రలు కూడా డాక్టరు చీటీ లేకుండా ఎవరి సంచిలోవీ మోయకు.

అలవాటు అంటావా, నాకు మొదటి చలికాలం పట్టింది. నవంబరు దాటితే పొద్దున మన సంక్రాంతి గాలిలా ఉంటుంది, ఇదే ఊరు వేరేగా కనిపిస్తుంది. సెలవు రోజున గదిలో పడుకుని పైకప్పు చూడకు. జెబెల్ అలీలో 2022లో తెరిచిన గుడి ఉంది, దగ్గరలోనే గురుద్వారా, అక్కడ అందరికీ భోజనం పెడతారు. బస్సు, మెట్రో మారి వెళ్లాలి, దూరమే. ఆ దూరం కోసమైనా వెళ్లు.

బీడీల చాట:

తమ్ముడూ, నేను దుబాయి చూడలేదు. మాది సిరిసిల్ల వైపు, బీడీలు చేస్తాను. మా ఆయన వెళ్లి ఆరేళ్లు. నువ్వు ఫోనులో చెప్పే మాటలు అటువైపు ఎలా చేరతాయో నేను చెప్పగలను కాబట్టి రాస్తున్నాను.

ఆయన జీతం 1,800 అని చెప్పారు. అసలు 1,100. ఆ 1,800 చూసుకుని నేను చీటీలో చేరాను, మహిళా సంఘంలో అప్పు తీసి బోరు వేయించాను. బోరులో నీళ్లు పడలేదు. చీటీకి డబ్బు కావాలని నేను అడిగినప్పుడల్లా ఆయన అక్కడ గదిలోవాళ్ల దగ్గర అప్పు చేసి పంపారు. రెండేళ్లు ఇలాగే గడిచింది. ఆ క్యాంపులోనే ఉండే పక్క ఊరి అతను సెలవుకు వచ్చి, ఆయన ఇచ్చిన సంచి మా ఇంట్లో ఇస్తూ, "అన్న రాత్రి పూట తినడం మానేశాడు వదినా, మీరైనా చెప్పండి" అన్నాడు. చేతిలో ఉన్న తునికాకు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆయన కడుపు మాడ్చుకుని పంపిన డబ్బుతో నేను చీటీ కట్టాను. తెలిస్తే కడతానా? నన్ను బాధ పెట్టకూడదనుకుని నా చేతే ఆ పని చేయించారు.

ఇప్పుడు ఆయన ప్రతి నెలా జీతం కాగితం ఫోటో పంపుతారు. ఒకే పుస్తకంలో ఎడమ పక్క ఆయన లెక్క, కుడి పక్క నా బీడీల లెక్క. డబ్బు పెరగలేదు. కానీ పోయిన ఏడాది సంఘం అప్పు తీరిపోయింది.

మీ అవ్వకు ముందు జీతం చెప్పకు, ముందు తిండి చెప్పు. తిండి నుంచి మిగతావన్నీ ఆమే అడిగి తెలుసుకుంటుంది. బాపుకు మాత్రం జీతం సంగతి ఈ వారమే చెప్పు. ఇప్పుడైతే పెళ్లి ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది, అంతే. లగ్గం పెట్టుకున్నాక చెబితే మీ బాపు ఇంకో చోట మిత్తికి తెస్తాడు, నీ చెల్లెలు ఆ అప్పు మాట వింటూ అత్తారింటికి వెళ్తుంది.

జగిత్యాల పాతకాపు:

పైన ఇద్దరూ మంచి మాటలు చెప్పారు. నేను పదకొండేళ్లు ఉండి తిరిగి వచ్చాను. ఒకటి రెండు కలుపుతాను. మిత్తి కట్టి ఊరుకుంటే అసలు అలాగే ఉంటుంది. నెలకు పదివేలైనా అసలులో కట్టించి, కట్టినప్పుడల్లా అప్పు నోటు వెనక తేదీతో రాయించమని బాపుకు చెప్పు. అది తీరేదాకా ఏ చీటీలోనూ చేరవద్దు.

నీ కాగితాల్లో ప్రవాసీ భారతీయ బీమా పత్రం ఉందేమో చూడు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు. పది పాస్ కానివారు ఇలా పనికి రావాలంటే అది తప్పనిసరి. నువ్వు ఐటీఐ కాబట్టి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ఉంటే దాని ఫోటో కూడా ఇంటికి పంపు.

పసుపుచేను:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. అన్నా, నోటుబుక్కు కొన్నాను, తొమ్మిది రోజులు రాశాను. పాస్‌పోర్టు కోసం కాగితం రాసి ఇచ్చాను, వచ్చే వారం ఇస్తామన్నారు. పని పోలేదు. బీమా పత్రం నా దగ్గర లేదు.

అక్కా, మీరు చెప్పినట్టే తిండి దగ్గర మొదలుపెట్టాను. వాట్సాప్‌లో ఇక్కడ మాట్లాడే కాల్ కలవదు కదా, అందుకని వాయిస్ మెసేజ్ పంపాను. నేను తెల్లవారి నాలుగింటికి లేచేసరికి ఇంట్లో ఐదున్నర, అవ్వ వాకిలి ఊడ్చే వేళ. పప్పు, ఖుబ్బూస్, ఆరుగురం, 1,300, అన్నీ ఒకేసారి చెప్పేశాను. మధ్యాహ్నం నీడలో ఫోను తీస్తే బాపు నుంచి ఒకే ముక్క ఉంది: "సంబంధం వాళ్లకు వచ్చే ఏడు అని చెబుతాను. నువ్వు రాత్రి తిను." చెల్లెలు వేరేగా మెసేజ్ పెట్టింది, డిగ్రీ పూర్తయ్యేదాకా పెళ్లి వద్దని తానూ చెప్పలేక ఊరుకుందట.

నేపాల్ అతనికి తొక్కు వేశాను. సీసా ఖాళీ అయింది, కడిగి పెట్టాను.

అవ్వ రాత్రి వరకు ఏమీ పంపలేదు, భయమేసింది. పడుకునే ముందు వచ్చింది ఆమె గొంతు. జీతం మాట లేదు, ఏజెంటు మాట లేదు. ఒకదాని మీద ఒకటి మంచాలన్నావు కదా, నీది పైదా కిందిదా అని అడిగింది. పైదన్నాను. "చిన్నప్పుడు నిద్రలో దొర్లి మంచం మీది నుంచి పడేవాడివి. అంచుకు అడ్డంగా ఏదైనా కట్టుకో" అంది. తొక్కు సీసాకు కట్టి వచ్చిన చీర గుడ్డ ఉంది. దాన్ని రెండు కమ్మీల మధ్య కట్టి పడుకున్నాను.